గుడ్డ తోక విమానం

ఇది చేత్తోనే రాస్తున్నాను. ఫోన్లో మాట్లాడితే అదే టైపు చేసి పెడుతుందని చాలామంది చెప్పారు. అయినా కాగితం మీదే రాయాలనిపించింది. అక్షరాలు ఇంకా కుదురుగా రావడం లేదు. ‘ళ’ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు మొరాయిస్తోంది. సగం పేజీ రాసి, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి కాలువలో గుర్రపుడెక్క మెల్లగా కొట్టుకుపోవడం కాసేపు చూసి, మళ్లీ మొదలుపెడుతున్నాను.

ఎందుకు రాస్తున్నానంటే, ఈ తొమ్మిది నెలల్లో నాకు జరిగినవాటిలో ఏది నిజమో, ఏది ఆసుపత్రి మంచం మీద వచ్చిన కలో ఒక్కోసారి నాకే తేలడం లేదు. రాస్తే తేలుతుందని ఆశ. ఇంకొకటి, ఇదే జబ్బుతో మీ ఇంట్లో మనిషి కదలకుండా పడి ఉంటే, బయట కుర్చీలో కూర్చుని ఇది చదివే మీకు కాస్త ధైర్యం వస్తుందేమోనని.

నా పేరు మాణిక్యం. వయసు నలభై ఆరు. ధవళేశ్వరంలో ఉంటాం. రాజమండ్రిలో నాకు చిన్న మగ్గం వర్క్ షాపు ఉంది. పెళ్లి జాకెట్ల గుడ్డని చెక్క చట్రానికి బిగించి, ఆరీ సూదితో పూసలూ జరీ కుట్టడం ఇరవై రెండేళ్లుగా నా పని. మా ఆయన సూర్యారావు గారు వాయుసేనలో విమానాల బాడీ బాగుచేసే ఫిట్టరుగా పనిచేసి వచ్చేశారు. ఇప్పుడు ఆనకట్ట గేట్ల మరమ్మతులు చూసే ఒక కాంట్రాక్టరు దగ్గర ఉన్నారు. మాకు పిల్లల్లేరు. ముందుగదిలో మాత్రం రెండేళ్లుగా ఒక విమానం ఉంది.

యుద్ధకాలం నాటి హరికేన్ ఫైటర్ అది. అసలు దానిలో అయిదో వంతు. ఈ రెక్క చివరి నుంచి ఆ రెక్క చివరికి ఎనిమిది అడుగులు. ఉద్యోగంలో ఉండగా ఆయనకి ఒక మ్యూజియంలో పాత హరికేన్‌ని శుభ్రం చేసే పని పడిందట. అల్యూమినియం రేకులకి రివెట్లు కొట్టడమే తెలిసిన మనిషికి, దాని వెనక సగమంతా చెక్క బద్దల మీద లాగి కట్టిన గుడ్డేనని తెలిసి మతిపోయిందట. “గుడ్డ కట్టుకుని యుద్ధానికి వెళ్లింది మాణిక్యం” అని నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. తెల్లపొణికి చెక్కతోనూ సన్నటి ప్లైవుడ్‌తోనూ దాని అస్థిపంజరం కట్టడం మొదలుపెట్టారు. నాకు మాత్రం అది ఇంటికి వచ్చినవాళ్లు కూర్చోవడానికి చోటు లేకుండా చేసిన చెక్కల పోగు.

ఆగస్టు

గోదావరికి వరద వచ్చిన వారం అది. ఆయనకి రోజంతా ఆనకట్ట దగ్గరే పని. బట్టలు మార్చుకోవడానికి మాత్రం ఇంటికి వచ్చి పోయేవారు. నేను షాపులో ఒక పెళ్లికూతురి జాకెట్ మీద ఉన్నాను. రెండు చేతుల మీదా నెమళ్లు. అంతకు పది రోజుల ముందు కడుపు పాడై రెండ్రోజులు పడుకుని లేచాను. ఆ సంగతి అప్పటికే మర్చిపోయాను.

మొదట అరికాళ్లు. ఏటి ఒడ్డున తడి ఇసుకలో నిలబడితే నీళ్లు వెనక్కి లాగినప్పుడు కాళ్ల కింద ఇసుక కరిగిపోతుంది చూడండి, అలా ఉంది. షాపు నేల గట్టి గ్రానైట్ రాయి. తర్వాత వేళ్ల చివర్లు. సూది చేతిలో ఉందో లేదో కళ్లతో చూస్తేగానీ తెలియలేదు. పూస ఎక్కించబోతే సూది జారి నెమలి మెడ మీద పడింది. తీశాను. మళ్లీ జారింది. మూడోసారి నాకు నవ్వొచ్చింది. పక్కన కుట్టుకుంటున్న ఆవిడ నవ్వలేదు. “అక్కా, మీ మొహం బాలేదండి, ఇంటికెళ్లిపోండి” అంది.

మర్నాడు పొద్దున్న మంచం దిగి నాలుగడుగులు వేసి, విమానం పక్కన కూలబడ్డాను. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. ఆయన తడిసిన చొక్కాతో లోపలికి వచ్చారు.

“ఏంటి మాణిక్యం, నేల మీద కూర్చున్నావ్?”

“లేవలేకపోతున్నానండి.”

ఆయన నన్ను ఎత్తుకుని తిరిగేసరికి గుమ్మానికి అడ్డంగా విమానం తోక ఉంది. నన్ను దించలేదు. మోకాలితో దాన్ని పక్కకి తోసేశారు. చెక్క బద్ద ఒకటి టప్‌మని విరిగింది. రెండేళ్లుగా దానికి దుమ్ము కూడా పడనివ్వని మనిషి కనీసం అటు తిరిగి చూడలేదు. అప్పుడు మొదటిసారి నాకు భయం వేసింది.

రాజమండ్రి ఆసుపత్రిలో నరాల డాక్టరు గారు నా మోకాళ్ల మీద సుత్తితో కొట్టి చూశారు. కాళ్లు పలకలేదు. దీన్ని జీబీఎస్ అంటారని చెప్పారు. “ఒంట్లో రోగాల్ని తరమాల్సిన సైన్యం పొరబడి మీ నరాల మీదే పడిందమ్మా. చాలామందికి తగ్గిపోతుంది. కానీ తగ్గే ముందు ఇంకా పైకి పాకుతుంది. ఊపిరి దాకా రావచ్చు. మేం ఉన్నాం, భయపడకండి.” ఆయన దాచకుండా చెప్పడం మంచిదైంది. ఎందుకంటే ఆ సాయంత్రానికి అది నిజంగానే ఊపిరి దాకా వచ్చింది.

సెప్టెంబరు

ఈ నెల గురించి నాకు తెలిసినది సగం కల, సగం చెవులతో విన్నది.

గొంతులో గొట్టం వేసి మెషీన్‌కి తగిలించారు. ఆ మెషీన్ చప్పుడు నాకు లాంచీ ఇంజన్‌లా వినిపించేది. నేను లాంచీ పైన వెల్లకిలా పడుకుని గోదావరి మీద ఎగువకి పోతున్నాను. ఎంత పోయినా ఒడ్డు రాదు. గది కప్పుకి వేసిన చదరపు పలకలు వరి మడులయ్యేవి. ఒకరోజు నారుమడి, ఒకరోజు నాట్లు, ఒకరోజు పండిన చేను. వాటిని నేను పై నుంచి చూస్తున్నాను, అంటే నేను ఆకాశంలో ఉన్నాను. నా చుట్టూ సన్నటి చెక్క పక్కటెముకలు. వాటి మీద ఇంకా గుడ్డ వేయలేదు. గాలి అందులోంచి ఇటు వచ్చి అటు పోతోంది. చలిగా ఉండేది, కానీ భయంగా ఉండేది కాదు. భయం మెలకువలో ఉండేది.

మెలకువలో నాకు అన్నీ వినపడేవి. కనురెప్పలు బరువుగా సగమే లేచేవి. చిటికెన వేలు కూడా కదిలేది కాదు. నర్సులు బస్సుల టైముల గురించి, క్యారేజీలో తెచ్చుకున్న బీరకాయ కూర గురించి మాట్లాడుకునేవారు. నాకు అదంతా ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. కానీ నాతో ఎవరూ మాట్లాడేవారు కాదు. మా అక్క సుభద్ర తణుకు నుంచి వచ్చింది. లోపలికి రానిచ్చిన పావుగంటా ఏడ్చి వెళ్లిపోయేది. ఆయన వచ్చి నా పాదం పట్టుకుని నిలబడేవారు. ఆ పట్టు నాకు తెలిసేది కాదు, ఆయన ఊపిరి చప్పుడు మాత్రం మంచం చివర నుంచి వినపడేది.

నేను వింటున్నానని మొదట కనిపెట్టింది మావాళ్లు కాదు. పక్క మంచం మీద సముద్రం ఒడ్డు పల్లె నుంచి తెచ్చిన, చేపల వేటకి వెళ్లే ఒకతను ఉండేవాడు. అతని భార్య నూకరత్నం. చేపల బుట్టతో ఊళ్లు తిరిగే మనిషి, గొంతు పెద్దది. ఒకరోజు తన మొగుణ్ని చూసుకుని వెళ్తూ నా దగ్గర ఆగింది.

“ఏమ్మా, నేను ఇటొస్తే నీ కళ్లు ఇటొత్తన్నాయి. ఇంటన్నావు కదా? ఇంటంటే ఓసారి పైకి చూడు.”

నేను పైకి చూశాను. ఆ పైన ఉన్న వరి మడుల్లోకి.

“ఓలమ్మో!” అని అరిచింది. నర్సు వచ్చి కసురుకుంది. ఆవిడ లెక్కచేయలేదు. నేరుగా బయటికి వెళ్లి, కుర్చీల్లో కూర్చున్న మా ఆయన్ని చెయ్యి పట్టుకుని లేపి, “నీ పెళ్లాం అన్నీ ఇంటంది బాబూ. ఊరికే నిలబడతావేటి, మాటాడు” అని చెప్పిందట.

ఆ మర్నాటి నుంచి ఆయన మాట్లాడారు. మాటలు వచ్చే మనిషి కాదు. ఏం మాట్లాడాలో తెలియక వరద గురించి చెప్పారు: ఇవాళ నీటిమట్టం ఎంత, ఎన్ని గేట్లు ఎత్తారు, ఏ లంకలో జనాన్ని పడవల్లో తెచ్చారు. వరద తీసేశాక చెప్పడానికి ఇంకేం లేక విమానం గురించి మొదలుపెట్టారు. విరిగిన బద్ద తీసేసి కొత్తది అతికించానని, తోక వైపు పదకొండు చట్రాలూ వరసలోకి వచ్చాయని. నేను కళ్లు మూసుకుని ఆ పదకొండూ లెక్కపెట్టేదాన్ని.

నూకరత్నం భర్త బతకలేదు. ఒక మధ్యాహ్నం పక్కన తెర లాగిన చప్పుడు వినపడింది, తర్వాత ఆవిడ గొంతు. ఆ ఏడుపు విని కూడా నేను ఆవిడ వైపు తల తిప్పలేకపోయాను. ఈ జబ్బులో నాకు అన్నిటికంటే కష్టమనిపించిన నిమిషం ఏదని ఎవరైనా అడిగితే అదే చెబుతాను.

బయట జరిగింది నాకు తర్వాత తెలిసింది. ఐసీయూ తలుపు తెరుచుకున్నప్పుడల్లా కుర్చీల్లో అందరూ ఒకేసారి లేచి నిలబడేవారట. లోపలి నుంచి వచ్చినవాళ్లు తమ పేరు పిలవకపోతే మళ్లీ ఒకేసారి కూర్చునేవారట. అలాంటి ఒకరోజు మా అక్కకి, ఆయన మధ్యాహ్నాలు ఇంటికి వెళ్లి చేస్తున్నది ఏమిటో తెలిసింది. అందరి ముందూ అడిగేసింది.

“మరిదిగారూ, అది లోపల చావు బతుకుల్లో ఉంటే మీరు ఇంటికెళ్లి బొమ్మ విమానం చేసుకుంటున్నారా?”

ఆయన తల వంచుకుని కూర్చున్నారట. అక్క రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. భోజనం క్యారేజీ మాత్రం పక్క కుర్చీలో పెట్టి అవతలికి వెళ్లిపోయేదట.

అక్టోబరు, నవంబరు

గొంతులో గొట్టం తీశాక నా మొదటి మాట “నీళ్లు” అనుకుంటున్నారు అందరూ. అక్క కూడా అలాగే చెబుతుంది. నిజానికి నేను “నూకాలు” అన్నాను. ఆవిడ పేరు పూర్తిగా గుర్తు రాలేదు. ఎవరికీ అర్థం కాక నీళ్లు తాగించారు.

అక్టోబరు చివర్లో ఇంటికి తెచ్చారు. లోపలి గది గుమ్మంలో చక్రాల కుర్చీ పట్టదు కాబట్టి నా మంచం ముందుగదిలో, విమానం పక్కనే వేశారు. పొద్దున్న కళ్లు తెరిస్తే నాకు ఎదురుగా దాని పక్కటెముకలు. మేమిద్దరం ఒకేలా ఉన్నామని అనుకునేదాన్ని. ఎవరైనా పట్టుకుంటేగానీ కదలం.

అక్క నాకు స్నానం చేయించి, తల దువ్వి, అన్నం తినిపించేది. ముద్ద నోట్లో పెడుతూ ఆయన మీద విసుక్కునేది. ఆయన ఇంట్లోకి వస్తే ఇద్దరి మధ్యా గాలి బిగుసుకుపోయేది. నేను ఎవరి పక్కనా మాట్లాడలేదు. నాక్కూడా లోపల కోపం ఉంది. ఆయన మీదనే కాదు, చేత్తో పాలప్యాకెట్ చించగలిగే మనుషులందరి మీదా.

వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ప్రశాంతి వచ్చేది. “మేడం, బొటనవేలూ చూపుడువేలూ కలపండి. సున్నా చుట్టండి.” బట్టల క్లిప్పులు నొక్కించేది, చపాతీ పిండి పిసికించేది. వేళ్లు కొంచెం కొంచెం కదులుతున్నాయి గానీ చివర్లకి ఏదీ తెలిసేది కాదు. రెండు జతల చేతితొడుగులు వేసుకుని ముట్టుకున్నట్టుండేది. పెళ్లి జాకెట్ మీద ఆవగింజంత పూసలు వరసగా కుట్టిన వేళ్లు బట్టల క్లిప్పు దగ్గర ఓడిపోతుంటే చూడలేక, ఒకరోజు పిండి ముద్ద నేలకేసి కొట్టాను. కొట్టడమంటే, జారవిడిచాను. అంత బలమే ఉంది.

“ఇంక రాకమ్మా” అన్నాను.

“అలాగేనండి. గురువారం వస్తాను” అంది ప్రశాంతి, పిండి తీసి పళ్లెంలో పెడుతూ.

డిసెంబరు

ఆయన తోకకి గుడ్డ వేయడం మొదలుపెట్టారు. పల్చటి కాటన్ గుడ్డ కొని తెచ్చి, బద్దల మీద పరిచి, అంచులకి జిగురు రాసి లాగుతున్నారు. నేను మంచం మీద నుంచి చూస్తున్నాను. ఇటు లాగితే అటు ముడత. అటు లాగితే తోక మొదట్లో తిత్తిలా లేస్తోంది. పీకి మళ్లీ వేశారు. మళ్లీ ముడత. మూడో రోజు కూడా అదే పని చూసి నాకు ఒళ్లు మండింది.

“ఏవండీ, అది అడ్డ పోగు. గుడ్డని అలా వేస్తారా ఎవరైనా? నిలువు పోగు తోక వైపుకి పెట్టండి. ఆ వంపు దగ్గర క్రాస్‌లో కత్తిరించాలి.”

ఆయన చేతిలో బ్రష్‌తో అలాగే ఆగిపోయారు. వంటింట్లోంచి అక్క తొంగిచూసింది. మూడు నెలల్లో నేను అన్నం, నీళ్లు, నొప్పి కాకుండా వేరే దాని గురించి మాట్లాడటం అదే మొదలు.

“నాకు గుడ్డ పని రాదు మాణిక్యం. నువ్వు చెప్పు, నేను కత్తిరిస్తాను.”

చెప్పాను. కత్తిరించారు. కత్తెర పట్టిన తీరు చూడలేకపోయాను. “జిగురుతో కాదు, ముందు కుట్టాలి. చట్రానికి కుట్టుకుంటూ వస్తే గుడ్డ మాట వింటుంది” అన్నాను. ఆయన పెద్ద సూది ఒకటి తెచ్చి, దానికి లావుపాటి దారం ఎక్కించి, నా దుప్పటి మీద పెట్టారు.

అక్క చేతిలో గరిటె ఉంది. అలాగే వచ్చేసింది. “దాని వేళ్లు దాని స్వాధీనంలో లేవు. దాంతో మీ బొమ్మకి గుడ్డలు కుట్టిస్తారా? ఆసుపత్రిలో అడిగినప్పుడూ నోరు విప్పలేదు. ఇప్పుడైనా చెప్పండి, ఏంటండీ ఈ పిచ్చి?”

ఆయన చాలాసేపు చేతులకి అంటిన జిగురు గోళ్లతో గీక్కున్నారు. తర్వాత చెప్పారు.

“ఆ కుర్చీలో కూర్చుంటే నా చేతులు వణికేవి వదినగారూ. వద్దన్నా ఆగేవి కావు. అది చూస్తే మీరు ఇంకా భయపడతారని ఇంటికి వెళ్లిపోయేవాణ్ని. చెక్క పట్టుకుంటే ఆగేవి. చట్రం ఒకటి అతికించి, అది ఆరేదాకా కూర్చుని, మళ్లీ వచ్చేవాణ్ని. లోపల మాణిక్యంతో చెప్పడానికి కూడా ఏదో ఒకటి ఉండాలి కదండీ.”

అక్క వంటింట్లోకి వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది. విమానం తోక నా మంచం పక్కకి జరిపి, నా ఎత్తుకి వచ్చేలా కింద రెండు దిండ్లు పెట్టి, దాన్ని రెండు చేతులా కదలకుండా పట్టుకుంది. “ఊఁ, కుట్టు” అంది.

ఆ రోజు నాలుగు కుట్లు వేశాను. గంటన్నర పట్టింది. రెండుసార్లు వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. నొప్పి తెలియలేదు. గుడ్డ మీద ఎర్రటి చుక్క చూసి అక్కే “అబ్బా” అంది.

గురువారం ప్రశాంతి వచ్చి చూసి, బట్టల క్లిప్పులు సంచిలోంచి తీయలేదు. “ఇంకొంచెం చిన్న సూది దొరుకుతుందా అండి?” అని మాత్రం అడిగింది.

ఫిబ్రవరి

చక్కెర ఫ్యాక్టరీలో చెరకు ఆడే రోజులు వచ్చాయి. బావగారికి అక్కడే ఉద్యోగం, ఆయనకి వేళకి వండి పెట్టేవాళ్లు లేరని అక్క జనవరిలోనే తణుకు వెళ్లిపోయింది. అప్పటికి నేను గోడ పట్టుకుని గదిలో నడుస్తున్నాను. రోజుకి ముప్పై, నలభై కుట్లు.

తోక మొత్తం కుట్టడం అయ్యాక ఆయన దాని మీద డోప్ అనే ద్రావకం పూశారు. గోళ్ల రంగు వాసన వేస్తుంది. అది ఆరేకొద్దీ గుడ్డని బిగించి తోలులా చేస్తుంది. మేం మధ్యాహ్నం భోజనం చేస్తుండగా టక్‌మని ఒక చప్పుడు, వెంటనే ఇంకొకటి. వెళ్లి చూస్తే రెండు బద్దలు విరిగి, తోక ఒక పక్కకి మెలి తిరిగింది.

తప్పు నాదే. వేళ్లకి తెలియక గుడ్డని ముందే చాలా బిగించి కుట్టాను. డోప్ దాన్ని ఇంకా లాగేసింది. రెండు నెలల పని. గోడకి ఆనుకుని కింద కూర్చుని ఏడ్చాను. మంచం మీద ఉన్నప్పుడు కూడా అంత ఏడవలేదు. అప్పుడు జరిగిందంతా జబ్బు చేసింది, ఇది నా చెయ్యి చేసింది. షాపు సంగతి కూడా ఆ రోజే నాకు నేను ఒప్పుకున్నాను: మగ్గం మీద గుడ్డ బిగువు తెలియని మనిషి ఆ పని ఇంక చేయలేదు.

ఆయన బ్లేడు తెచ్చి, నా పక్కనే కూర్చుని, గుడ్డ దాదాపు మొత్తం కోసేశారు. ఓదార్చలేదు. విరిగిన బద్దలు తీసి పక్కన పెట్టి, “సర్వీసులో నేను ఇంతకంటే ఖరీదైనవి విరగ్గొట్టాను. అవి నిజం విమానాలు” అన్నారు. తర్వాత, వంపు లేదు కాబట్టి తనే గుడ్డ వేసుకున్న రెక్క మీద సరిగ్గా బిగిసిన చోట వేలితో కొట్టారు. డప్పు మీద కొట్టినట్టు మోగింది. విరిగిన వైపు మిగిలిన ముక్క మీద కొట్టారు. కీచుమంది.

“నీ వేళ్లకి తెలియడం లేదు. సరే. చెవికి తెలుస్తోంది కదా?”

తెలుస్తోంది. సెప్టెంబరు అంతా నాకు మిగిలినవి చెవులే. రెండోసారి తోక మొత్తం చెవితో కుట్టాను. నాలుగు కుట్లకి ఒకసారి గోరుతో కొట్టి వినడం, వదులుగా ఉంటే లాగడం, బిగిస్తే సడలించడం. ఆయన ఆనకట్ట నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతూ, లోపల నేను కొట్టే చప్పుడు విని, “ఇంకొంచెం వదులు!” అని అక్కడి నుంచే అరిచేవారు. మార్చి మొదట్లో మళ్లీ డోప్ పూశారు. ఇద్దరం దాని ముందు కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అది ఆరింది. ఏ చప్పుడూ రాలేదు.

ఏప్రిల్

రంగులు వేసిన రోజులే ఈ మొత్తంలో నాకు ఇష్టమైనవి. కిటికీలన్నీ తెరిచి, ఫ్యాను ఆపేసి, ఎండ గదిలోకి వచ్చి మళ్లీ పోయేదాకా అందులోనే ఉండేవాళ్లం. పైన ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు, మేఘాల్లా ఒకదాంట్లోకి ఒకటి వంపులు తిరుగుతాయి. ఆ వంపులు ఆయన చేత్తో గీస్తే పగిలిన కుండ పెంకుల్లా వచ్చాయి. నేను జాకెట్ల మీద డిజైన్ దించినట్టే చేశాను: కాగితం మీద గీసి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడిచి, పైన సుద్దపొడి గుడ్డతో అద్దాను. కాగితం ఎత్తితే రెక్కల మీద చుక్కల వంపులు. ఆయన వాటి వెంట స్ప్రేతో రంగు కొట్టుకుంటూ పోయారు. రంగు పొగమంచులా దిగేది. మెలకువలోనే మళ్లీ ఆ వరి మడుల మీద తేలుతున్నట్టుండేది, కానీ ఈసారి కాళ్లు నేల మీదే ఉన్నాయి.

రెక్కల మీద గుండ్రటి గుర్తులు నేను వేస్తానన్నాను. ఫొటోలో చూస్తే ముదురు నీలం చక్రం, మధ్యలో లేత నీలం.

“ఇదేంటండీ, అన్ని విమానాలకీ మధ్యలో ఎరుపు ఉంటుంది కదా?”

“బర్మా వైపు తిరిగినవాటికి తీసేశారు. మనవాళ్లు నడిపినవీ అవే. జపాన్ వాళ్ల గుర్తు ఎర్రటి గుండ్రం. దూరం నుంచి చూసి పొరబడి, మనవాళ్లే మనవాళ్లని కొట్టుకోకుండా ఉండటానికి.”

నేను బ్రష్ పట్టుకుని ఆయన వంక చూశాను. ఆయనకి కూడా అప్పుడే తట్టింది. ఆసుపత్రిలో డాక్టరు గారు నా జబ్బు గురించి చెప్పిన మాట అదే. ఇద్దరికీ నవ్వు వచ్చింది. కళ్లలో నీళ్లు వచ్చేంత నవ్వు.

“మరి నాకు కూడా ఎరుపు తీసేయాల్సింది” అన్నాను.

నేను వేసిన గుండ్రం పూర్తిగా గుండ్రంగా లేదు. ఎడమ రెక్క మీదది కొంచెం కోడిగుడ్డులా ఉంటుంది. చెరిపి వేస్తానంటే ఆయన ఒప్పుకోలేదు.

ఇప్పుడు నేను ఎలా ఉన్నానో కూడా రాయాలి, లేకపోతే ఇది చదివే మీకు అబద్ధం చెప్పినట్టవుతుంది. పూర్తిగా మామూలు కాలేదు. మెట్లు ఎక్కితే కమ్మీ పట్టుకోవాలి. ఎడమ చేతి చివరి రెండు వేళ్లు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. షాపులో డిజైన్లు గీస్తున్నాను, కత్తిరింపులు చూస్తున్నాను. మగ్గం మీద మిగతావాళ్లు కూర్చుంటున్నారు. మీ మనిషి కూడా నెలల తరబడి ఇలాగే ఉండొచ్చు. వాళ్ల ముందు ఏడవకండి అని నేను అనను, ఏడుపు ఎవరి చేతిలోనూ లేదు. కానీ మాట్లాడండి. బస్సుల టైములైనా సరే, బీరకాయ కూరైనా సరే. వాళ్ల కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూడండి.

మే

రెక్కలు బిగిస్తే విమానం గుమ్మంలో పట్టదు. అందుకని విడి భాగాలుగా మేడ మీదికి తీసుకెళ్లి అక్కడ బిగించాలని ఆయన చాలా రోజులుగా అనుకున్నారు. మే నెలలో ఒక సాయంత్రం బావగారు, అక్క తణుకు నుంచి వచ్చి ఉన్నారు. రెక్కలు వాళ్లు మోశారు. తోకతో కలిపి మిగతా బాడీ బరువు లేదు కాబట్టి ఆయన ఒక్కరే తెచ్చారు. నేను కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి, వాళ్ల వెనకే ఎక్కాను. జబ్బు చేశాక మేడ మీదికి రావడం అదే మొదలు. నది అంతా కనిపించింది. నీళ్లు సన్నబడి, ఇసుక మేటల మధ్య వెండి తీగల్లా పారుతున్నాయి. అవతల ఆనకట్ట తలుపులు వరసగా.

రెక్కలు బిగించాక అది నేను ఇన్నాళ్లూ మంచం పక్కన చూసిన వస్తువులా లేదు. ఎనిమిది అడుగుల రెక్కలు చాచి, ముక్కు ఎత్తి, తన చక్రాల మీద తను నిలబడింది. బావగారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, “ఎగురుతుందాండి?” అని అడిగారు.

“ఎగరదండి. ఇంజను పెట్టలేదు. పెట్టను కూడా.” ఆయన నవ్వి, నా వైపు తిరిగారు. “పైరగాలి వేసే వేళైంది. తోక పట్టుకో మాణిక్యం, పక్కకి తిరిగిపోతుంది.”

నేను తోక కింద రెండు చేతులూ పెట్టాను. ఆయన ముందు వైపు వెళ్లి రెండు రెక్కల మొదళ్లూ పట్టుకున్నారు. సముద్రం వైపు నుంచి గాలి వచ్చింది. మొదట నా చీర కొంగు ఎగిరింది. తర్వాత విమానం నెమ్మదిగా ఊగింది. ఆ తర్వాత నా చేతుల్లో ఉన్న తోక, నేను ఎత్తకుండానే, పైకి లేచింది.

“వదలకు!” అని అరిచారు ఆయన.

“వదల్లేదండీ.”

గాలికి గుడ్డ సన్నగా వణుకుతోంది. నేను కుట్టిన కుట్లు, వాటి మధ్య బిగిసిన గుడ్డ, కింద బద్ద అంచు. చూసి తెలుసుకున్నవి కావు. కళ్లు మూసుకుని మళ్లీ చూసుకున్నాను. అలాగే ఉంది.

“ఏవండీ, తెలుస్తోందండి.”

“ఏంటి? వినపడలేదు.”

“గుడ్డ. వేళ్లకి తెలుస్తోంది.”

చేతిలో రెక్కలున్నాయి కాబట్టి ఆయన నా దగ్గరికి రాలేకపోయారు. గాలి తగ్గేదాకా అక్కడి నుంచే నన్ను చూస్తూ, విమానాన్ని నేలకి అదిమి పట్టుకుని నిలబడ్డారు.